పిట్టలు లేచే దూరం

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. కుంభాకార కటకం బొమ్మ నల్లబల్ల మీద చూడకుండా గీయగలను. నాభి ఎక్కడుంటుంది, వస్తువు ఎక్కడ పెడితే ప్రతిబింబం తలకిందులుగా పడుతుంది, ఎక్కడ పెడితే నిటారుగా కనిపిస్తుంది, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటిదాన్ని ఒక్క లెన్సు కొనుక్కోవడానికి ఒక చలికాలమంతా తిరిగాను. కొన్నాక కూడా అదే ఎందుకు కొన్నానో ఎవరికైనా సరిగ్గా చెప్పమంటే తడబడతాను.

కెమెరా నేను రిటైరైనప్పుడు నాకు నేనే కొనుక్కున్నది. దాంతోపాటు ఒక చిన్న లెన్సు తీసుకున్నాను, రెండు వందల యాభై మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. అదే ఏడాది మావారు చేపల చెరువులు వదిలేశారు. మండవల్లి అవతల పాతికేళ్ళు చెరువులు చేసిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక రోజంతా గట్ల మీద తిరగొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాక, వాటిని వేరేవాళ్ళకి అప్పజెప్పి ఏలూరు వచ్చేశారు.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం వరసగా పది రోజులు ఒక ఇంట్లో ఉన్నది అరుదు. నాకు బడి, ఆయనకి చెరువు. ఆయన ఆదివారం ఇంటికొస్తే నేను పేపర్లు దిద్దుకుంటూ ఉండేదాన్ని. ఇప్పుడు పొద్దున్న లేచేసరికి ఎదురుగా ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఏం మాట్లాడాలి? కూర గురించి మాట్లాడుకున్నాం. నీళ్ళ మోటారు గురించి మాట్లాడుకున్నాం. రెండు వారాలకి ఆ మాటలన్నీ అయిపోయాయి. ఆయన మంచివారే. నేనూ మరీ చెడ్డదాన్నేం కాదు, కాస్త కోపమెక్కువంతే. కానీ మా మధ్య ఏమీ లేదేమోనని నాకు నిజంగా భయమేసింది.

అప్పుడు ఒకరోజు నేను డాబా మీద కెమెరాతో కాకిని తీస్తుంటే ఆయన మెట్లెక్కి వచ్చి, "కాకులేంటి టీచరుగారూ, పద, నీకు పిట్టలు చూపిస్తా" అన్నారు. మర్నాడు పొద్దున్నే స్కూటర్ తీశారు. కొల్లేటి పక్కన ఆయనకి తెలియని గట్టు లేదు. ఏ కాలవ పక్కన ఎర్రకాళ్ళ కొంగలు దిగుతాయో, ఏ మూల గూడబాతులు బారులు తీరి ఈదుతాయో చెప్పేవారు. నేను వెనక కూర్చుని ఆయన భుజం మీంచి చూసేదాన్ని. తిరిగొచ్చాక ఫొటోలు టీవీకి తగిలించుకుని ఇద్దరం చూసేవాళ్ళం. మాకు కలిసి చేసే పని అంటూ దొరికింది అదొక్కటే. అది పోతే మళ్ళీ నీళ్ళ మోటారే. అందుకే లెన్సు సంగతి నాకు ప్రాణం మీదికి వచ్చినంత పెద్దదైంది.

చిక్కేమిటంటే ఫొటోల్లో గూడబాతు బియ్యపుగింజంత వచ్చేది. పెద్దది చేసి చూస్తే చెదిరిపోయేది. ఇంకా పొడుగు లెన్సు కావాలన్నది తేలిపోయింది. ఎంత పొడుగు? పక్షుల ఫొటోలు తీసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేరి అడిగాను. నాలుగు వందలు చాలంటూ ఒకాయన రాశారు. ఆరు వందలు లేకపోతే కొల్లేరు వెళ్ళడం దండగన్నారు ఇంకొకాయన. వాళ్ళిద్దరూ నన్ను వదిలేసి ఒకళ్ళమీద ఒకళ్ళు పడి మూడు రోజులు వాదించుకున్నారు. నేను గ్రూపు లోంచి బయటికొచ్చేశాను.

తాడేపల్లిగూడెంలో పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసే అతను ఒకప్పుడు నా స్టూడెంటు. నలభై దాటాడు, పొట్ట వచ్చింది, సొంత స్టూడియో ఉంది. లెన్సులు అద్దెకిస్తాడు, పాతవి అమ్ముతాడు. టెన్తులో నేను కటకాల పాఠం చెబుతుంటే కిటికీ లోంచి బయటికి చూసేవాడు. బస్సెక్కి వెళ్ళి ఆ కుర్రాడి ఎదురుగా, సారీ, ఆ పెద్దమనిషి ఎదురుగా నోట్సు పుస్తకం తెరిచి కూర్చున్నాను.

"మీ కెమెరాకి ఆరు వందలంటే తొమ్మిది వందల అరవై కింద లెక్కండి మేడమ్" అన్నాడు.

"అదెలా? లెన్సు నాభ్యంతరం మారదు కదా?"

"లెన్సు మారదండి. మీ కెమెరాలో సెన్సరు చిన్నది కదండీ, అంచులు కత్తిరించినట్టు వస్తుందండి."

"కత్తిరిస్తే తగ్గాలి గానీ పెరగడమేంటయ్యా?"

"తగ్గడం వల్లే పెద్దగా కనిపిస్తుందండి."

ఈ మాట నోట్సులో రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది. పక్కన ప్రశ్నార్థకం కూడా ఉంది. ఎఫ్ నంబరు పెరిగితే వెలుగు దూరే కన్నం చిన్నదవుతుందన్నాడు, అది భాగహారం గనక అర్థమైంది. నాకు అర్థమైంది అదొక్కటే. చెయ్యి వణికినా బొమ్మ వణకకుండా లోపల ఏదో అద్దం కదులుతుందట. ఎగిరే పిట్టకి ఒక మీట, కూర్చున్న పిట్టకి ఒక మీట. నూట యాభై నుంచి ఆరు వందలదా, వంద నుంచి నాలుగు వందలదా? పొడుగుది తీసుకుంటే బరువు, తేలికది తీసుకుంటే అందదు. నా తల తిరిగిపోయింది. ముప్పై ఏళ్ళు నేను పిల్లలకి చెప్పింది ఈ లెన్సు గురించేనా అని అనుమానం వచ్చింది. చివరికి అతనే జాలిపడి, "ముందు పెద్దది రెండు వారాలు వాడి చూడండి మేడమ్" అని ఆరు వందలది చేతిలో పెట్టాడు. దుమ్ము పడకుండా దానికి బూడిదరంగు గుడ్డ తొడుగు కుట్టించి ఉంచాడు.

ఇంటికి తెచ్చాక మావారు దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ ఊపి, "రెండు కేజీల బొచ్చె" అన్నారు. చేపల మనిషి కదా. తూకం వేసి చూస్తే రెండు కేజీలకి కాస్తే తేడా వచ్చింది.

మర్నాడు పొద్దున్న గట్టు మీద స్కూటర్ ఆపాం. మంచు విడిపోతోంది. ఎదుట చెరువు అంచున కొంగలు, వాటి వెనక నీటికాకులు, ఇంకా వెనక గూడబాతులు. నేను లెన్సు తిప్పి, పూర్తిగా పొడుగు చేసి, ఎడమచెయ్యి కింద ఆనించి పైకెత్తాను. కంటికి ఆనించేలోపే నీటికాకులు లేచాయి. వాటిని చూసి కొంగలు లేచాయి. ఆపైన గూడబాతులు నీళ్ళ మీద దబదబా పరిగెత్తి లేచిపోయాయి. అద్దంలో నాకు ఖాళీ నీళ్ళు మాత్రం చాలా స్పష్టంగా కనిపించాయి.

ఏదో గద్ద వచ్చి ఉంటుందనుకున్నాం. ఇంకో చెరువు దగ్గరికి వెళ్ళాం. మళ్ళీ అంతే. రెండో రోజు మూడు చోట్ల ఆగాం, మూడు చోట్లా అంతే. చిన్న లెన్సుతో వెళ్ళినన్నాళ్ళూ ఇలా జరగలేదు. పచ్చచీర మార్చి బూడిదరంగు చీర కట్టుకున్నాను. స్కూటర్ దూరంగా ఆపించాను. దగ్గు ఆపుకున్నాను. ఏం చేసినా నేను కెమెరా ఎత్తడం, అవి లేచిపోవడం. ఆయన మాత్రం నా వెనక నిలబడి, ఎగిరిపోతున్న వాటివైపే చూస్తూ ఉండేవారు.

అప్పుడు నాకు పిచ్చికోపం వచ్చింది. పిట్టలు చేపలు తినెయ్యకుండా చెరువుల వాళ్ళు వాటిని తోలతారని నాకు తెలుసు. ఆయనా తోలేవారని తెలుసు. ఎలా తోలేవారో ఎప్పుడూ చూడలేదు, ఎప్పుడూ అడగలేదు. ఆ కోపంలో గట్టు మీదే అనేశాను. "పాతికేళ్ళు వాటిని తరిమిన మనిషి పక్కన నిలబడితే ఎందుకాగుతాయండీ? మిమ్మల్ని గుర్తుపడుతున్నాయి. మీవల్లే ఇదంతా."

సగం వేళాకోళమే. సగం కాదు. ఆయన తన చేతుల వంక చూసుకుని, "అయ్యుండొచ్చు" అన్నారు.

"రేపు నేనొక్కదాన్నే వెళ్తాను. మీరు రాకండి."

"సరే" అన్నారు. ఆ సాయంత్రం ఆయన నీళ్ళ మోటారు విప్పి, దానికేమీ లేకపోయినా శుభ్రం చేశారు.

మూడో రోజు కైకలూరు బస్సెక్కి, మధ్యలో దిగి, ఆటో మాట్లాడుకుని అదే గట్టుకి వెళ్ళాను. ఒక్కదాన్నే నడిచాను. పిట్టలన్నీ ఉన్నాయి. ఊపిరి బిగబట్టి లెన్సు ఎత్తాను. నీటికాకులు, కొంగలు, గూడబాతులు, అదే వరసలో లేచిపోయాయి.

నేనింకా తెల్లబోయి చూస్తుండగానే పక్కచెరువు కాపలా మనిషి గట్టు వెంట చేతులూపుకుంటూ వచ్చాడు. పెద్దవాడు, తలకి తువ్వాలు చుట్టుకున్నాడు.

"ఏవండీ మేడమ్ గారూ! ఇటేపు తిరిగి ఎత్తుతారేంటండీ గొట్టం? కొల్లేటేపు తిరిగి ఎత్తుకోవాలండి. లేచినయ్యన్నీ ఎక్కడ దిగినయ్యో చూశారా? మా చెరువులోనండి! ఈ గట్టు మీద అందరం అనుకున్న మాటేనండి ఇది, పక్కోడి చెరువు మీదకి తోలకూడదని."

"గొట్టం కాదండీ. ఇది కెమెరా."

అతను దగ్గరికొచ్చి వంగి చూశాడు. "అబ్బో! కెమెరాయా అండి? ఎత్తారు గానీ పేలలేదేంటా అనుకుంటన్నానండి" అన్నాడు. కోపమంతా పోయి నవ్వడం మొదలుపెట్టాడు. తన పాకలోకి వెళ్ళి తన గొట్టం తెచ్చి చూపించాడు. బూడిదరంగు ప్లాస్టిక్ పైపు. వెనక కాస్త కార్బైడు వేసి, నీళ్ళచుక్క పోసి, లైటరు నొక్కితే పెద్ద చప్పుడొస్తుందట. దెబ్బేమీ తగలదు, చప్పుడే. అతను దాన్ని ఎడమచెయ్యి కింద ఆనించి భుజం దాకా ఎత్తి చూపించాడు. పొడుగు నా లెన్సంతే. రంగు నా లెన్సు తొడుగు రంగే. ఎత్తిన తీరు కూడా అచ్చం నేను ఎత్తిన తీరే.

"ఇప్పుడు కార్బైడు కూడా వెయ్యక్కర్లేదండి" అన్నాడతను. "ఎత్తితే చాలు, పోతాయండి. ఆటికి మాత్రం బుర్ర లేదేంటండి?"

నాకు నవ్వు రావాలి. రాలేదు. మావారిని నిన్న ఇదే గట్టు మీద ఏమన్నానో అదే చెవుల్లో వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆటో అతనికి ఫోన్ చేసి అప్పటికప్పుడు వెనక్కి బయల్దేరాను.

ఇంటికొచ్చేసరికి ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. చెప్పులు విప్పకుండానే మొత్తం చెప్పేశాను. మీరు కాదు, ఇదిగో ఈ లెన్సు, గొట్టమనుకుని లేస్తున్నాయి, నాదే తప్పు, అన్నాను. ఆయన తేలిగ్గా నవ్వేస్తారనుకున్నాను.

"గొట్టంలా ఉందని నాకు మొదటి రోజే తెలుసు" అన్నారు. "నువ్వెత్తగానే నాకే గుండె ఝల్లుమంది."

"మరి చెప్పలేదేం?"

"గొట్టం వల్లో, నా వల్లో నాకూ తెలీలేదు. అవి మేత మీద ఉన్నప్పుడే తోలేవాణ్ణి. చేప నోటిదాకా వచ్చాక. అప్పుడైతేనే బెదురు బాగా తగుల్తుందని. తినేటప్పుడు లేపినవాణ్ణి ఎలా మర్చిపోతాయి?"

అవి మొహాలు గుర్తుపెట్టుకోవండీ అని నేను వెంటనే అనాలి. సైన్సు టీచర్ని. కానీ కాకులు మనుషుల మొహాలు గుర్తుపెట్టుకుంటాయని ఎక్కడో చదివాను. నీటికాకులు కాకుల జాతి కావు, అది తెలుసు. గూడబాతుల సంగతి? తెలీదు. తెలియనిది తెలుసని చెప్పే అలవాటు లేక నోరు మూసుకున్నాను. ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఆ పని చెయ్యనందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే. ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాత పది రోజులు ఎంత పిలిచినా రాలేదు. మోకాళ్ళన్నారు, చలన్నారు. నేను ఒక్కదాన్నే తాడేపల్లిగూడెం బస్సెక్కాను. గుండుగొలను దాటాక కూడా తేల్చుకోలేకపోయాను. ఆరు వందలది ఇచ్చేసి వందా నాలుగు వందలది తీసుకోవాలా, అసలు ఈ పనే మానుకోవాలా? లెన్సు మానేస్తే ఆయనతో వెళ్ళడానికి కారణం ఉండదు. కొంటే ఎవరితో వెళ్ళాలి?

"ఎందుకు మేడమ్ తిరిగిచ్చేస్తున్నారు?" అన్నాడు స్టూడియో అతను.

"పొడుగెక్కువైంది."

"పొడుగు చాలట్లేదనే కదండీ వచ్చారు?"

నవ్వాను. అతని దగ్గరే వాడిన నాలుగు వందలది ఒకటుంటే తీసుకున్నాను. కురచగా ఉంది. వందలో పెడితే నా జానెడు. తొడుగు వద్దన్నాను. అతనికి నేనేం చేస్తున్నానో అర్థం కాలేదు, నాకూ అంతే.

కానీ అది తెచ్చాక కొత్త చిక్కు వచ్చింది. కురచ లెన్సుకి దగ్గరికి వెళ్ళాలి. నేను వెళ్తే లేచిపోతాయి, ఈసారి నా నడక చూసి. రెండు పొద్దులు ఖాళీ నీళ్ళు చూసి ఇంటికొచ్చి, ఆయన కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"ఏవండీ, నాకు ఒక్కటి చెప్పండి. ఎంత దగ్గరికెళ్తే లేస్తాయి?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఏది?"

"ఏదైనా."

"ఏదైనా అంటే ఎలా? నీటికాకికో దూరం, కొంగకో దూరం." ఆపైన చాలాసేపు మాట్లాడారు. అంతసేపు ఆయన ఒక్కబిగిన మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. పాతికేళ్ళు ఆయన ఆ దూరం కొలుచుకుంటూ బతికారు, లేపడానికి. లేపకుండా ఉండడానికి పనికొచ్చేదీ అదే దూరం. ఈ మాట నేను పైకి అనలేదు. "నోటితో చెబితే నాకు రాదండీ, వచ్చి చూపించండి" అన్నాను. రేపు చూద్దాంలే అన్నారు ఆయన.

వచ్చారు. స్కూటర్ రోడ్డు మీదే వదిలి గట్టు ఎక్కాం. మోకాళ్ళ మనిషి కదా, మెల్లగా నడుస్తున్నారు, ఆ మెల్లదనమే మంచిదైంది. "నేరుగా వెళ్ళకు. పక్కకి పోతున్నట్టు పో. వాటి వంక చూడకు" అంటున్నారు గొంతు తగ్గించి. "ఆ కొంగ మెడ ఎత్తింది చూడు. నిన్ను చూసింది. ఆగు. ఇప్పుడు దించింది, నిన్ను వదిలేసింది. నాలుగడుగులు వెయ్యి. నీటికాకి పిరికిది, అది ముందు లేస్తుంది, దాని దూరానికి ఇవతలే ఉండు. గూడబాతు బరువైంది, పరిగెత్తి గానీ లేవలేదు, అందుకని ఆఖరిదాకా ఆలోచిస్తుంది."

నేను ఆయన చెప్పినట్టు వేశాను, నాలుగడుగులు, ఆగడం, మళ్ళీ నాలుగు. ఒకచోట వెనక్కి తిరిగి చూస్తే ఆయన లేరు. చాలా వెనక, తుమ్మచెట్టు చాటున ఆగిపోయి ఉన్నారు. రమ్మని చెయ్యి ఊపాను. తల అడ్డంగా ఊపారు. వెనక్కి నడిచి వెళ్ళాను.

"రండి. ఇంకా లేవలేదుగా."

"నువ్వెళ్ళు. నీకు ఆ దూరం. నాకిది."

అప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నాను. గట్టు మీద, పట్టపగలు, ఇన్నేళ్ళకి. బలవంతంగా లాగాను అనాలి నిజానికి. నాలుగడుగులు, ఆగడం. నాలుగడుగులు, ఆగడం. ఆయన తలెత్తి వాటి వంక చూడలేదు, తన కాళ్ళ వంకే చూసుకుంటూ వచ్చారు. కొంగ మెడ ఎత్తింది. ఆయన చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. కొంగ మెడ దించింది. గూడబాతు ఒకటి సంచీ నోరు నీళ్ళలో ముంచి, ఎత్తి, చేపని మింగింది. నేను వదిలేసిన చెయ్యి ఆయన వెనక్కి పెట్టుకున్నారు. నేను కెమెరా ఎత్తి నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో తెలీదు. లెన్సు వందలో ఉందో, రెండు వందల్లో ఉందో అదీ చూసుకోలేదు.

"లేచాయా?" అన్నారు తలెత్తకుండానే.

"లేవలేదండీ."

"నేనున్నా కూడానా?"

"మీరున్నా కూడా."

ఆయన ఇంకోసారి అడిగారు. ఇంకోసారి చెప్పాను.